శుక్రవారం నాలుగింటికి పక్కకు జరగాలి

ఆ రోజుల్లో నాకు భయపడడం కూడా సరిగ్గా రాదు. అది పదిమంది పిల్లల మధ్య కూర్చుని నేర్చుకోవలసిన విద్య అని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. సుద్దముక్కల పొడి పడదని డాక్టరుగారు అనడంతో నా చదువంతా చిక్కడపల్లిలో మా రెండు గదుల వాటాలోనే గడిచింది. పగలు బామ్మ దగ్గర తెలుగు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన నాన్నగారి దగ్గర లెక్కలు, ఇంగ్లీషు. పరీక్షలన్నీ ప్రైవేటుగానే. (ఇందుకు నాకెప్పుడూ చింత లేదు. కోప్పడని మాస్టారు, పాఠం మధ్యలో కునుకు తీసే మాస్టరమ్మ ఎంతమందికి దొరుకుతారు? ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఇద్దరికీ చెరో నమస్కారం పెట్టుకుంటాను.) కాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లకు కొన్ని లోటుపాట్లు ఉంటాయి. ఎవరేం చెప్పినా నమ్మడం ఒకటి, కనబడిన ప్రతిదానికీ దణ్ణం పెట్టడం ఇంకొకటి. బస్సు దిగాక బస్సుకు కూడా పెట్టేదాన్ని. కండక్టరు తనకే అనుకుని ఒకసారి మొహమాటంగా తిరిగి పెట్టాడు కూడా.

డిగ్రీ అయ్యాక నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర, ఒక బేకరీ పైన రెండు గదుల్లో నడిచే చిన్న సంస్థలో నాకు ఉద్యోగం దొరికింది. పని పేరు మూల్యాంకనం. బస్తీల్లో ఆరోగ్యం మాటలు జనానికి ఎలా చేరుతున్నాయో, చేరాక వాళ్ల అలవాట్లు మారుతున్నాయో లేదో ఇల్లిల్లూ తిరిగి చూసి చెప్పాలి. "మంచిమాట చెబితే జనం విన్నారా లేదా అని చూసినందుకు జీతమిస్తారా? కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేను ఊరికే చేస్తున్న పని అదే కదే!" అని బామ్మ బుగ్గలు నొక్కుకుంది. నాన్నగారు మాత్రం, "ఈ వానాకాలం చూద్దాం. వాళ్లు నిన్ను ఉంచుకుంటే సరే, లేదంటే..." అని ఆగిపోయారు. ఆ 'లేదంటే' తర్వాత ఏముందో నాకు తెలుసు: మళ్లీ అవే రెండు గదులు, అదే కిటికీ, పక్క వాటా పిల్లలకు ఎక్కాలు. ఆఫీసులో పెద్ద మేడమ్ కూడా సరిగ్గా అదే మాట అన్నారు. "ఈ వానాకాలం నీ రిపోర్టు చూసి చెప్తానమ్మా, ఉంచాలో వద్దో." అలా నా బయటి ప్రపంచమంతా ఒక్క వానాకాలం మీద వేలాడుతూ మొదలైంది.

మా సంస్థది దోమల కార్యక్రమం. గల్లీకొక వాలంటీర్, ఆవిడ ఇంటి గోడకు ఒక స్పీకర్ డబ్బా. గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా ఆవిడకు చెప్పాలి, ఆవిడ మాకు చెప్పాలి. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆవిడ సొంత గొంతుతో రికార్డు చేసిన మాట డబ్బాలోంచి మోగాలి: నిలవ నీళ్లు పారబోయండి, డ్రమ్ములు రుద్దండి, బోర్లించండి. నాకు అప్పజెప్పింది అశోక్ నగర్‌లో మురుగు నాలా వైపు పోయే ఒక సన్న గల్లీ. "మంచి గల్లీ చెల్లె. నీళ్లు పారవోసే కాడ నూటికి నూరు," అన్నాడు శాతాల అన్న. (కంప్యూటర్ దగ్గర కూర్చునే అన్నకు నేను పెట్టుకున్న పేరది. టీ ఎలా ఉందన్నా శాతంలోనే చెప్పేవాడు.) చెప్పి, కాసేపాగి, కుర్చీ నా వైపు తిప్పాడు. "కానీ జర చూసుకోని పో. నీకంటె ముందు పోయిన పిల్ల రెండోసారి పోనన్నది." "ఎందుకన్నా?" "ఏమో, చెప్పలే. జీతం గూడ అడగలే."

నాకు భయపడడం రాదని చెప్పాను కదా. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాను.

మొదటి ఇంటి తలుపు తీసినావిడ చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. శుక్రవారం ఏం చేస్తారండీ అని నేను అడగడం పూర్తికాకముందే ఆవిడ కొత్తిమీర కింద పెట్టి, చేతులు కట్టుకుని, నా భుజం మీదుగా ఎటో చూస్తూ చెప్పింది. "శుక్కురారం నాలుగింటికి డ్రమ్ముల నీళ్లు పారవోయాలె. లోపట మంచిగ రుద్దాలె." అక్కడ ఆగి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు రెండుసార్లు దగ్గింది. "రుద్ది బోర్లియ్యాలె. మరువద్దు." చెప్పడం అయిపోగానే మళ్లీ మామూలు మనిషై, "కూసో బిడ్డా, చాయ్ పెడత," అంది.

రెండో ఇంట్లో ఉన్నది కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి. "మాది భీమవరమండీ, ఇక్కడ దిగి నెలే అయిందండీ, కూర్చోండి," అంటూ నీళ్లిచ్చింది. మన వైపు మాట వినబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. (మా తాతగారి తరంలోనే ఇక్కడికి వచ్చేశాం. అయినా 'అండీ' వినబడితే మా ఇంట్లో అందరం చుట్టాన్ని చూసినట్టే చూస్తాం.) అదే ప్రశ్న అడిగాను. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు ఆగిపోయింది. చేతులు కట్టుకుంది. నా భుజం మీదుగా చూసింది. భీమవరం గొంతులోంచి ఏ అండీ లేకుండా, "శుక్కురారం నాలుగింటికి డ్రమ్ముల నీళ్లు పారవోయాలె. లోపట మంచిగ రుద్దాలె," అని వచ్చింది. ఆగింది. రెండుసార్లు దగ్గింది. "రుద్ది బోర్లియ్యాలె. మరువద్దు." నేను గ్లాసు కింద పెట్టి రాసుకున్నాను.

మూడోది ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే అబ్బాయిల హాస్టల్. పుస్తకాల గుట్టల మధ్య లుంగీల్లో కూర్చున్నారు. "మేమే చెప్పాల్నా అక్కా, ఆప్షన్స్ ఇస్తవా?" అని ఒకడు నవ్వాడు. ప్రశ్న వినగానే ఆ నవ్వూ ఆగింది. అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. అందరూ అక్కడే ఆగారు. అందరూ ఒక్కసారే దగ్గారు.

బడికి వెళ్లినవాళ్లెవరైనా ఇది చూసి, ఒకరు చెప్పింది ఇంకొకరు అప్పజెబుతున్నారని తేల్చేసేవారు. తరగతి గదిలో పిల్లలు కోరస్‌గా పాఠం చెబుతారని, ముందువాడు తప్పు చదివితే వెనకవాడూ అదే తప్పు చదువుతాడని నాకెలా తెలుస్తుంది? నా తరగతిలో నేనొక్కదాన్నే. అందుకని నాకు తోచినంతలో 'గల్లీలో దగ్గు బాగా ఉంది, డాక్టరును పంపగలరు' అని రాసుకుని బయటికొచ్చాను.

గల్లీ మధ్యలో డబ్బా కనబడింది. దాని నోట్లోంచి గడ్డిపోచలు వేలాడుతున్నాయి. వైరు తెగి, గాలి లేకపోయినా గోడ మీద తోకలా మెల్లగా ఊగుతోంది. కింద ఇంటికి తాళం. "ఇది మోగడం లేదా అండీ?" అని కొత్తిమీర ఆవిడను అడిగాను. "ఏడిది? డబ్బమ్మ సచ్చిపోయినంక బందే." వాలంటీర్‌గా ఉన్న ముసలావిడను గల్లీలో డబ్బమ్మ అనేవారట. "మరి ప్రతివారం మీకెవరు చెబుతున్నారు?" ఆవిడ నన్నే విచిత్రంగా చూసింది. "చెప్తనే ఉంటది గద," అంది.

నేను డబ్బాకు దణ్ణం పెట్టి నాలుగడుగులు వేశానో లేదో, గల్లీ చివర పెంకుటింటి కిటికీ ఊచల వెనక నుంచి ఒక ముఖం పిలిచింది. ముఖం మాత్రమే కనబడేది, అందుకే ఆవిడ నాకు ఎప్పటికీ కిటికీ అవ్వే. "ఏయ్ పొల్లా! శుక్కురారం వస్తవా?" "వస్తానవ్వా." "వస్తే తొవ్వకు అడ్డం నిలవడకు." "ఎందుకని?" "వస్తది." "ఎవరు?" కిటికీ తలుపు మూసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికే మబ్బు దిగి సందెచీకటిలా అయింది. నాలుగు కాకముందే వెళ్లి గల్లీ మధ్యలో నిలబడ్డాను. ఎవరూ గంట కొట్టలేదు, ఎవరూ పిలవలేదు. ఎక్కడో కుక్కర్ కూత సగంలో ఆగింది. హాస్టల్లో చదువుతున్న గొంతులు ఆగాయి. అన్ని తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, పూలకుండీల కింది పళ్లాలు అన్నీ బయటికొచ్చాయి. నీళ్లు ఒక్క చప్పుడుతో షాబాద్ బండల మీద పడి నాలా వైపు పరుగెత్తాయి. రుద్దారు. బోర్లించారు. అంతవరకూ మా కార్యక్రమమే. పెద్ద మేడమ్ చూస్తే కళ్లు తుడుచుకునేవారు.

ఆ తర్వాత గల్లీ మొత్తం పక్కకు జరిగింది. ఎవరి గోడకు వాళ్లు వీపులు ఆనించుకున్నారు. ఆడవాళ్లు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. హాస్టల్ అబ్బాయిలు చదువుతున్న పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశారు. అందరూ తలలు వంచుకున్నారు. బండల మీద పడుకున్న కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, అది కూడా గోడ పక్కకు పోయి కూర్చుంది. మధ్యలో ఖాళీగా తడి దారి. ఆ దారిలో నేనొక్కదాన్నే.

"జరుగు పొల్లా!" కిటికీ అవ్వ కేక.

ఎగిరి భీమవరం అమ్మాయి పక్కన పడ్డాను. ఆ అమ్మాయి తలెత్తకుండానే నా చెయ్యి పట్టుకుంది. ఫ్లైఓవర్ మీది హారన్లు కూడా ఎందుకో వినబడడం లేదు. అప్పుడు ఎక్కడో, చాలా దగ్గరగా, గంట ఒక్కసారి మోగింది. గుడి గంటలా కాదు, మెడలో కట్టే గంటలా. పచ్చిగడ్డి వాసన, వెచ్చటి ఊపిరి ముఖానికి తగిలినట్టయింది. నా చున్నీ కొసను ఏదో పట్టి లాగి వదిలింది. రామ రామ అనుకుంటూ కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి అందరూ తలలెత్తారు. "ఏం వండినవ్ అక్కా?" "బీరకాయ, ఇంకేముంది?" కుక్కర్ కూత మిగతా సగం పూర్తిచేసింది. ఏమీ జరగనట్టు ఇలా మామూలు కావడం చూశాక, అప్పుడు వచ్చింది నాకు భయం, జీవితంలో మొదటిసారి.

"ఇప్పుడెవరండీ వెళ్లింది?" అని గుసగుసగా అడిగాను. "పేరు అడక్కూడదటండీ," అంది భీమవరం అమ్మాయి. "మాకు ముందు ఈ వాటాలో ఉన్నవాళ్లు ఖాళీ చేసి వెళ్తూ, తాళంచెవి చేతిలో పెట్టి మరీ చెప్పారు. నీళ్ల సంగతీ, జరిగే సంగతీ." వింటున్న హాస్టల్ అబ్బాయి దగ్గరికొచ్చాడు. "మాకు గూడ గంతే అక్కా. మా రూంల ఇంతకుముందున్న అన్న చెప్పిండు. ఆయన జరిగిండు, నౌకరి వచ్చింది. ఆయన దోస్తు జరగలే. ఇంకా కోచింగ్‌ల్నే ఉన్నడు."

ఇంటికెళ్లి బామ్మకు చెప్పాను. బామ్మ భయపడుతుందనుకున్నాను, ముచ్చటపడింది. "నీళ్లు నిలవుండకుండా చూసే దయ్యమా? పాపం ఎంత మంచి దయ్యమే! ఒక్కసారి మన వాటా వైపు రమ్మను. పైవాళ్లు ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో," అని, అయినా మంచిదని చిటికెడు విభూది పొట్లం కట్టి నా సంచిలో పడేసింది.

పెద్ద మేడమ్ అంత ముచ్చటపడలేదు. "చూడమ్మా. గల్లీ మొత్తం నీళ్లు పారబోస్తోంది. నువ్వు తిరిగిన ఇళ్లల్లో జ్వరాలు లేవు. బాగుంది. కానీ మన డబ్బా మోగడం లేదు, మన వాలంటీర్ లేదు. అయితే ఇదంతా మనవల్లా, కాదా? అది తేల్చడమే నీ ఉద్యోగం. వచ్చే శుక్రవారం ఢిల్లీ నుంచి సారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. కారణం చెప్పలేకపోతే ఆ గల్లీని కార్యక్రమంలోంచి తీసేస్తారు. ఇక జ్వరమొచ్చినా అడిగేవాళ్లుండరు. నీ సంగతి కూడా ఆలోచించాల్సి వస్తుంది." "ఎవరో వస్తారు మేడమ్. అందుకని వాళ్లు పక్కకు జరుగుతారు," అన్నాను. "ఎవరొస్తారు?" "పేరు అడక్కూడదట మేడమ్." మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆవిడ అలా పెడితే ఆ రోజుకి ఇక మాట్లాడరు.

వాలంటీర్లు పంపిన రికార్డింగులన్నీ శాతాల అన్న కంప్యూటర్లోనే ఉండేవి. డబ్బమ్మది వినొచ్చా అని అడిగితే ఆశ్చర్యపోయాడు. "రికార్డింగ్ వచ్చిందా లేదా చూస్తం గాని, మొత్తం ఎవడు ఇంటడు చెల్లె?" అంటూ వెతికిపెట్టి భోజనానికి వెళ్లాడు. అప్పుడే కరెంటు పోయింది. కిటికీ బయట వాన, గదిలో చీకటి, బ్యాటరీ మీద వెలుగుతున్న తెర. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బామ్మ పొట్లం గుప్పిట్లో పట్టుకుని నొక్కాను.

చనిపోయిన మనిషి గొంతు చెవిలోనే మొదలైంది. "శుక్కురారం నాలుగింటికి డ్రమ్ముల నీళ్లు పారవోయాలె. లోపట మంచిగ రుద్దాలె." ఆగింది. దగ్గింది, రెండుసార్లు. "రుద్ది బోర్లియ్యాలె. మరువద్దు." అక్కడితో అయిపోవాలి, అవలేదు. ఆపడం మరిచిపోయినట్టుంది. కాకి అరుపు, గిన్నెల చప్పుడు, ఆవిడ ఊపిరి. చాలాసేపు ఊపిరే. ఆ తర్వాత ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "వస్తున్నది... వస్తున్నది... జరుగుండ్రి! తొవ్వ ఇడువుండ్రి. కొంగులు దగ్గరికి గుంజుకోండ్రి. తలకాయ దించుకోండ్రి, కండ్లల్ల సూడకుండ్రి!" గంట మోగింది. శుక్రవారం నేను విన్న అదే గంట. ఏదో బరువైనది అడుగులు వేస్తూ దగ్గరికొస్తోంది. బుస్సుమని ఊపిరి. నేను కుర్చీలో కాళ్లు పైకి పెట్టేసుకున్నాను.

అప్పుడు, నా రెండు చెవుల్లోనూ నిండుగా, ఒక బర్రె అరిచింది.

"థూ, దీని కొమ్ములిరగ! ఆరేసిన చీరంత నమిలింది!" అంది డబ్బమ్మ. రికార్డింగు అయిపోయింది.

శాతాల అన్న తిరిగొచ్చేసరికి నేను చీకట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని, విభూది నుదుటంతా పూసుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నానట. గుమ్మంలోనే ఆగిపోయాడు. "చెల్లె... నేను మల్ల వస్తలే," అన్నాడు.

పెద్ద మేడమ్ కూడా విని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి కళ్లజోడు సర్దుకున్నారు. "అంటే మన రికార్డింగులోంచే మూఢనమ్మకం పుట్టిందన్నమాట! సారు చూస్తే ఏమంటారు? గురువారం వెళ్లి ఇల్లిల్లూ చెప్పిరా, అది ఉత్త బర్రె అని. జరగడం ఆగిపోవాలి. పారబోయడం మాత్రం ఉండాలి." ఆవిడ చెబుతుంటే చాలా తేలిగ్గా అనిపించింది.

గురువారం ఆ గల్లీకి ముందున్న గల్లీలోంచి నడిచి వెళ్లాను. అక్కడ డబ్బా చక్కగా పనిచేస్తుందని మా ఆఫీసులో పేరు. దాని కిందే మూతలేని డ్రమ్ము, అందులో గిలగిల్లాడుతున్న దోమపిల్లలు. ఒక గుమ్మంలో జ్వరంతో పడుకున్న పిల్ల, తడిగుడ్డ మారుస్తున్న తల్లి. "శుక్రవారం డబ్బా మోగదా అమ్మా?" అంటే, "మోగుతది. ఇంట్ల కూసోని ఇనుకుంటనే ఉంటం," అంది.

మా గల్లీలో మొదట కిటికీ అవ్వ దగ్గరికే వెళ్లాను. ఊపిరి బిగబట్టి చెప్పేశాను. "అవ్వా, మీరు జరిగేది దేవతకీ కాదు, దయ్యానికీ కాదు. బర్రెకు." అవ్వ నన్ను జాలిగా చూసింది. "నాకు చెప్తున్నవా? ఆ బర్రె మాదే." "మా కొట్టం గీ చివర్ననే ఉండె. నాలుగింటికి మేసొచ్చేది. కండ్లల్లకి సూసినోల్లను కుమ్మేది, శెడ్డ బర్రె. డబ్బమ్మ పోయిన దినాలల్లనే అది గూడ పోయింది." "మరి అందరికీ చెప్పలేదేం?" "చెప్పిన. ఎవ్వలు నమ్మిన్రు? పాతోల్లు పోయిన్రు, కిరాయికి కొత్తోల్లు వచ్చిన్రు. బర్రె ఏంది అవ్వా, మస్కిరీలా, అని నవ్విన్రు." "అలాంటప్పుడు మీరే నన్ను జరుగు అని కేకేశారు కదా! వస్తది అన్నారు కదా!"

అవ్వ ఊచలకు ముఖం ఆనించింది. గొంతు తగ్గించింది. "వస్తది బిడ్డా. నాలుగు కాంగనే నా గడప కాడ గంట ఇనవడతది. నీకు ఇనవడలే?"

లేదందామనుకున్నాను. అబద్ధమాడడం బామ్మ నాకు నేర్పలేదు. "వినబడింది," అన్నాను.

"మల్ల?" అంది అవ్వ.

గల్లీలో నిలబడి చాలాసేపు ఆలోచించాను. పక్కకు జరగాలంటే ముందు బయటికి రావాలి. బయటికొస్తే ఎదురింటి డ్రమ్ము బోర్లా పడి ఉందో లేదో కనబడుతుంది, మన డ్రమ్ము వాళ్లకు కనబడుతుంది. ముందు గల్లీలో డబ్బా మోగుతోంది, ఎవరూ బయటికి రావడం లేదు. ఈ గల్లీలో డబ్బా లేదు, తాళంచెవితో పాటు మాట చేతులు మారుతోంది, దగ్గుతో సహా. ఇప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగి బర్రె అని చెబితే శుక్రవారం నాలుగింటికి ఎంతమంది తలుపులు తీస్తారు? జ్వరంతో పడుకున్న ఆ పిల్ల ముఖం గుర్తొచ్చింది. మిగతా తలుపులు కొట్టకుండా తిరిగొచ్చేశాను.

"ఒక్కరికే చెప్పాను మేడమ్. ఆవిడకు ముందే తెలుసు. మిగతావాళ్లకు చెప్పలేను," అన్నాను. మేడమ్ కళ్లజోడు బల్లమీద పెట్టారు. "అయితే రేపు సారు అడిగితే నువ్వే చెప్పుకో."

మర్నాడు ఢిల్లీ సారు పొడుగ్గా, తెల్లటి బూట్లతో, ఫోను పైకెత్తి వీడియో తీస్తూ సరిగ్గా గల్లీ మధ్యలో నిలబడ్డారు. ఆయన వెనక మేడమ్, నేను. నాలుగైంది. తలుపులు తెరుచుకున్నాయి. నీళ్లు పరుగెత్తాయి, డ్రమ్ములు బోర్లాపడ్డాయి. సారు "వాహ్" అన్నారు. అప్పుడు గల్లీ పక్కకు జరిగింది. తలలు వంగాయి. సారు ఫోను దించి అటూ ఇటూ చూశారు. "ఓ పొడుగాయనా! జర పక్కకు జరుగు!" అని కిటికీలోంచి అవ్వ అరిచింది. ఏమంటోందని సారు అడిగితే, మీకు స్వాగతం చెబుతోందని మేడమ్ అనువదించారు. నేను మాత్రం మెల్లగా గోడ పక్కకు చేరాను.

హారన్లు ఆగాయి. గాలి ఆగింది. గంట మోగిందో, నాకు మోగినట్టుందో, ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. సారు మాత్రం నడుం మీద ఎవరో నెట్టినట్టు ఒక్కసారి ముందుకు తూలి, చేతులూ మోకాళ్లూ ఆనించి, గల్లీ అంతా పారబోసిన నీళ్లలో పడ్డారు. ఆయన చుట్టూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఎవరూ లేరు. "కిస్‌నే ధక్కా దియా?" అని ఆయన, నెట్టిందెవరో చూడ్డానికి వెనక్కి తిరిగారు. తడి దారి ఖాళీగా ఉంది. మేడమ్ కోసం చూశాను. ఆవిడ ఎప్పుడు జరిగారో ఏమో, గోడకు అతుక్కుని, కొంగు రెండు చేతులా దగ్గరికి పట్టుకుని, తల వంచుకుని ఉన్నారు.

"చెప్తే ఇనరు," అంది అవ్వ. "పాపం, సారుకు ఇగ ప్రమోషన్ రాదు," అన్నాడు హాస్టల్ అబ్బాయి.

భీమవరం అమ్మాయి ఇంట్లో, తడిబట్టలు మార్చి వాళ్లాయన లుంగీ కట్టుకున్న సారు, టీ తాగుతూ నన్ను పిలిచి కారణం అడిగారు. దాచకుండా చెప్పాను. రికార్డింగు, బర్రె, తాళంచెవులు, ఒకరి డ్రమ్ము ఒకరికి కనబడడం, అన్నీ. (నాన్నగారి ఇంగ్లీషు ఆ రోజు నన్ను కాపాడింది. ఆయనకు జన్మజన్మలకూ రుణపడి ఉంటాను.) ఆఖర్న ఆయన, "మరి నన్ను నెట్టింది?" అన్నారు. "బండల మీది నాచు అయి ఉంటుందండీ." "నువ్వది నమ్ముతున్నావా?" "నమ్మాలని చూస్తున్నానండీ." ఆయన నవ్వలేదు. మేడమ్ వైపు తిరిగి, ఈ గల్లీ ఉంటుందని, ఇక్కడెవరూ ఏదీ సరిదిద్దవద్దని, ముందు గల్లీలో కూడా డబ్బా సంగతి పక్కన పెట్టి జనం బయటికొచ్చే దారి చూడమని, ఆ పని ఈ అమ్మాయికే ఇవ్వమని చెప్పారు. వెళ్లేటప్పుడు ఆయన గోడ పక్కనుంచే నడిచారు. మేడమ్ కూడా. రిపోర్టులో నేను నాచు సంగతి రాశాను, గంట సంగతి రాయలేదు. ఆ రాత్రి బామ్మ దీపం దగ్గర అందరి పేర్లూ చెప్పి దణ్ణం పెట్టమంటే, డబ్బమ్మకు, అవ్వకు పెట్టి, బర్రెకు కూడా పెట్టాను. దోమలకు కూడా పెట్టబోతే బామ్మ వారించింది.

ఇప్పుడు బామ్మ లేదు. ఆ గల్లీలో పెంకుటిళ్లూ లేవు. ఆఫీసులో నన్నే పెద్ద మేడమ్ అంటున్నారు, కళ్లజోడు కూడా వచ్చింది. చిక్కడపల్లిలో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. శుక్రవారం ఇంట్లో ఉంటే నాలుగింటికి బాల్కనీలో కుండీల కింది పళ్లాలు కడిగి, బోర్లించి, కారిడార్‌లోకి వచ్చి గోడ పక్కన ఓ నిమిషం నిలబడతాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? అలవాట్లు ఎలా మారతాయో జనానికి పాఠాలు చెప్పే నాకే ఈ ఒక్కటీ మారలేదు. భయపడడం ఎలాగూ సరిగ్గా రాని నాలోని ఆ పిల్ల, ఈ పక్కకు జరగడాన్ని కూడా దణ్ణంలోనే కలిపేసింది. తలుచుకుంటే దాని మీద నవ్వూ వస్తుంది, దాన్ని దగ్గరికి తీసుకోవాలనీ ఉంటుంది.

మొన్నటి శుక్రవారం ఎదురు ఫ్లాట్‌లో కొత్తగా దిగిన అమ్మాయి పాల ప్యాకెట్లతో వస్తూ నన్ను చూసి ఆగింది. "ఏం చేస్తున్నరు ఆంటీ గిక్కడ?" అంది. వివరంగా చెబుదామని నోరు తెరిచాను. శుక్రవారం నాలుగింటికి, అని మొదలుపెట్టాను. రుద్దాలి అన్నచోట దగ్గొచ్చింది, రెండుసార్లు. ఈలోగా లిఫ్టు పైకొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు.

ఆ పిల్ల నన్ను చూసింది, ఖాళీ లిఫ్టును చూసింది. ఒక్క మాట కూడా అడక్కుండా పాల ప్యాకెట్లు గుండెకు హత్తుకుని, నా పక్కన గోడకు జరిగి, తల వంచుకుంది.